లైంగిక మైనారిటీలు ఎంతమంది? పుదుచ్చేరి '252' వెనుక ఉన్న లెక్కలు

పుదుచ్చేరిలో ఫ్రెంచివారి కాలంనాటి వైట్‌టౌన్ దాటి సముద్రపు ఒడ్డు వెంట ఉత్తరానికి వెళ్తే కురుచికుప్పం వస్తుంది. మత్స్యకారుల పేట. అక్కడ ఎన్ని ఇళ్లున్నాయి, ఎంతమంది ఓటర్లున్నారు అని అడిగితే చూపించడానికి ప్రభుత్వం దగ్గర కాగితాలున్నాయి. ట్రాన్స్‌జెండర్లు ఎంతమంది, స్వలింగ ఆకర్షణ ఉన్నవారు ఎంతమంది అని అడిగితే మాత్రం కాగితాల్లో జవాబు దొరకదు. మొదటి ప్రశ్నకు దగ్గరగా వచ్చే జనగణన సంఖ్య ఒకటే ఉంది. అది కూడా ఈ పేటది కాదు, మొత్తం కేంద్రపాలిత ప్రాంతానిది: 2011లో 252. రెండో ప్రశ్నకు ఆ మాత్రం సంఖ్య కూడా లేదు.

ఆ 252లో తెలుగు నేల వాటా కూడా ఉంది. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమంటే పుదుచ్చేరి, కారైకాల్, మాహేతో పాటు గోదావరి ఒడ్డున ఉన్న యానాం కూడా. 2011లో ఈ నాలుగు ప్రాంతాల జనాభా 12,47,953. అందులో 252 అంటే లక్షకు 20 మంది. అదే జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు దాదాపు 52 మంది తేలారు. యానాం చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశే. ఊరి పొలిమేర దాటగానే ట్రాన్స్‌జెండర్ల శాతం రెండున్నర రెట్లు పెరగడానికి జనంలో కారణమేమీ లేదు. తేడా లెక్కించిన తీరులో, చెప్పుకోగలిగిన ధైర్యంలో ఉంది. లైంగిక మైనారిటీల సంఖ్య గురించి వచ్చే ఏ అంకెనైనా చదవడానికి ఈ ఒక్క విషయం పట్టుకుంటే సగం పని అయినట్టే.

ముందు తేలాల్సింది: ఎవరిని లెక్కిస్తున్నాం?

'లైంగిక మైనారిటీలు' అన్న మాట కింద కనీసం రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి జెండర్ గుర్తింపు. పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసిన దానికీ, మనిషి తనను తాను గుర్తించుకునే తీరుకూ తేడా ఉన్నవారు ఇందులోకి వస్తారు: ట్రాన్స్ స్త్రీలు, ట్రాన్స్ పురుషులు, ఈ రెండింటిలోనూ ఇమడని వారు. రెండోది లైంగిక ధోరణి, అంటే ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్నది. గే, లెస్బియన్, బైసెక్సువల్ అన్న మాటలు దీనికి సంబంధించినవి.

లైంగిక ధోరణిని కొలవడానికి మళ్లీ మూడు గజాలున్నాయి: ఆకర్షణ, ఆచరణ, గుర్తింపు. స్వలింగ ఆకర్షణ ఉన్నవారంతా ఆ సంబంధాల్లోకి వెళ్లరు. వెళ్లినవారంతా తమను గే అనో లెస్బియన్ అనో అనుకోరు. 1992లో అమెరికాలో ఎడ్వర్డ్ లామన్ బృందం చేసిన జాతీయ సర్వే ఈ తేడాను స్పష్టంగా చూపించింది. తమను హోమోసెక్సువల్ లేదా బైసెక్సువల్‌గా చెప్పుకున్న పురుషులు 2.8 శాతం, స్త్రీలు 1.4 శాతం. ఆకర్షణ, ఆచరణ, గుర్తింపు మూడింటిలో ఏదో ఒకటి ఉందన్నవారిని కలిపితే పురుషుల్లో 10.1 శాతం, స్త్రీలలో 8.6 శాతం. మనుషులు వాళ్లే, సర్వే అదే. ప్రశ్న మారగానే సంఖ్య పురుషుల్లో మూడున్నర రెట్లకు పైగా, స్త్రీలలో ఆరు రెట్లకు పైగా మారింది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. హిజ్రా అనేది ఒక జెండర్ గుర్తింపు మాత్రమే కాదు, గురువు-చేలా బంధాలతో అల్లుకున్న సమాజం కూడా. తమిళ ప్రాంతంలో 'తిరునంగై' అన్నది గౌరవంగా స్థిరపడిన పేరు. తెలంగాణలో శివసత్తులలో, కర్ణాటక సరిహద్దు జిల్లాల్లో జోగప్పలలో తమ ఉనికికి చోటు వెతుక్కున్నవారు ఉన్నారు. వీరిలో ఎంతమంది తమను 'ట్రాన్స్‌జెండర్' అన్న గడిలో చూసుకుంటారు? ఇక స్వలింగ ఆకర్షణకు రోజువారీ తెలుగులో చిన్నబుచ్చని మాటే సరిగా కుదరలేదు. మాట లేనిచోట ప్రశ్న అడగడం కష్టం, జవాబు చెప్పడం ఇంకా కష్టం.

2011 జనగణన చెప్పింది, చెప్పనిది

భారత జనగణన 2011లో మొదటిసారి లింగం ప్రశ్నకు పురుషుడు, స్త్రీతో పాటు 'ఇతరులు' అనే మూడో కోడ్ పెట్టింది. ఆ కోడ్ కింద దేశంలో 4,87,803 మంది తేలారు. ఉత్తరప్రదేశ్‌లో 1,37,465, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769, తమిళనాడులో 22,364, పుదుచ్చేరిలో 252. దేశం మొత్తం మీద లక్షకు 40.

ఈ లెక్క తగ్గి ఉండటానికి కారణం దాన్ని సేకరించిన పద్ధతిలోనే ఉంది. ఎన్యూమరేటర్ ఇంటింటికీ వెళ్లి, సాధారణంగా ఇంటి పెద్దను అడిగి కుటుంబం మొత్తం వివరాలు రాసుకుంటాడు. ట్రాన్స్‌జెండర్ బిడ్డను 'ఇతరులు' కింద రాయించేది తండ్రో అన్నో. బయటకు పొక్కకుండా దాచుకుంటున్న కుటుంబం ఆ మాట ఎన్యూమరేటర్ ముందు చెప్పదు. ఆ ఎన్యూమరేటర్ తరచూ అదే ఊరి బడి పంతులు కూడా. ఇల్లు విడిచి వెళ్లి హిజ్రా ఇళ్లలో, అద్దె గదుల్లో ఉన్నవారి తలుపు తట్టారా లేదా అన్నది మరో ప్రశ్న.

తగ్గడమే కాదు, తప్పుగా చేరినవారూ ఉండవచ్చు. ఆ 4.88 లక్షల్లో 54,854 మంది ఆరేళ్లలోపు పిల్లలు. అంటే పదకొండు శాతం పైగా. ఆ వయసు పిల్లలు తమ జెండర్ గురించి ఎన్యూమరేటర్‌కు చెప్పి ఉండరు. పుట్టుకతో శరీర లక్షణాల్లో తేడా ఉన్న ఇంటర్‌సెక్స్ పిల్లలు కొందరు ఉండవచ్చు. కోడ్ రాయడంలో, ఎక్కించడంలో జరిగిన పొరపాట్లు కొన్ని ఉండవచ్చు. మొత్తానికి ఆ సంఖ్య 'దేశంలో ఉన్న ట్రాన్స్‌జెండర్లు' కాదు, '2011లో ఇంట్లో ఎవరో ఒకరు ఇతరులు అని రాయించినవారు'.

పొరుగు దేశాలతో పోల్చినా ఇదే తెలుస్తుంది. నేపాల్ 2021 జనగణనలో 2,928 మంది, బంగ్లాదేశ్ 2022 జనగణనలో 12,629 మంది, పాకిస్థాన్ 2023 జనగణనలో 20,331 మంది నమోదయ్యారు. లక్షకు చూస్తే ఈ మూడు దేశాల్లోనూ సుమారు ఏడు నుంచి పది. భారత్ లెక్క దానికి నాలుగైదు రెట్లు. కెనడా 2021 జనగణనలో పదిహేనేళ్లు దాటినవారిలో 1,00,815 మంది తమను ట్రాన్స్‌జెండర్ లేదా నాన్‌బైనరీ అని నమోదు చేసుకున్నారు. అది లక్షకు 330. కెనడా ఫారంలో పుట్టినప్పటి లింగాన్ని ఒక ప్రశ్నగా, ఇప్పటి జెండర్‌ను మరో ప్రశ్నగా అడిగారు.

లైంగిక ధోరణి గురించి మాత్రం భారత జనగణన ఇప్పటివరకు ఒక్కసారి కూడా అడగలేదు.

లెక్కకు భయపడటానికి కారణం ఉంది

ఈ దేశంలో హిజ్రాలను ప్రభుత్వం పేరుపేరునా రాసుకున్న మొదటి సందర్భాలు సంక్షేమం కోసం కాదు. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండో భాగం వారి పేర్లతో రిజిస్టరు పెట్టమంది, ఆస్తుల వివరాలు తీసుకోమంది. నిజాం రాజ్యం 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, అదే ఒరవడిలో ఒక చట్టం తెచ్చింది. హైదరాబాద్‌లో ఉండే, పిల్లల్ని ఎత్తుకెళ్తారన్న అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలతో రిజిస్టరు ఉండాలి. రిజిస్టరులో పేరున్న వ్యక్తి ఆడవారి బట్టల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో మిగిలే ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అదే తీర్పులో ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయాలని ఆదేశించింది. రిజిస్టరు రద్దు కావడం, పింఛను రావడం ఒకే తీర్పులో జరిగాయి. లెక్క ఎవరి చేతిలో, ఎందుకోసం ఉంటుందన్నది ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది.

పుదుచ్చేరి చరిత్ర కొంచెం వేరు. పెద్దల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధాన్ని నేరంగా చూడటం ఫ్రాన్స్ 1791లోనే మానేసింది. భారత శిక్షాస్మృతి 1963లో పుదుచ్చేరికి వర్తించాక దానితో పాటే సెక్షన్ 377 కూడా వచ్చింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న ఆ సెక్షన్ కోరలు తీసేసేవరకు, ఈ పట్టణంలో సర్వేకు నిజం చెప్పడమంటే నేరం ఒప్పుకోవడమే. చట్టం పోయినా ఇంటివారి భయం, అద్దె ఇల్లు పోతుందన్న భయం, పెళ్లి ఒత్తిడి పోలేదు.

'పది శాతం' ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రతి పదిమందిలో ఒకరు అన్న మాట ప్రపంచమంతా వినిపిస్తుంది. దాని మూలం 1948లో ఆల్ఫ్రెడ్ కిన్సీ అమెరికాలో ప్రచురించిన అధ్యయనం. శ్వేతజాతి పురుషుల్లో పది శాతం మంది 16 నుంచి 55 ఏళ్ల మధ్య కనీసం మూడేళ్లపాటు దాదాపు పూర్తిగా స్వలింగ సంబంధాల్లో ఉన్నారని ఆయన రాశారు. అయితే ఆయన మాట్లాడిన 5,300 మంది లాటరీ పద్ధతిలో ఎంచినవారు కాదు. దొరికినవారితో, ముందుకొచ్చినవారితో మాట్లాడారు. వారిలో జైళ్లలో ఉన్నవారు కూడా ఉన్నారు. కాక్రన్, మోస్టెల్లర్, ట్యూకీ అనే ముగ్గురు గణాంక శాస్త్రవేత్తలు ఈ నమూనా లోపాన్ని అప్పట్లోనే వివరంగా చూపించారు. అయినా గుండ్రని సంఖ్య కాబట్టి జనం నోట నిలిచిపోయింది.

తర్వాత వచ్చిన పద్ధతి ప్రకారం చేసిన సర్వేల్లో సంఖ్య తక్కువగా మొదలై పెరుగుతూ వచ్చింది. అమెరికాలో గ్యాలప్ సంస్థ అడిగినప్పుడు తమను ఎల్‌జీబీటీగా చెప్పుకున్న పెద్దలు 2012లో 3.5 శాతం, 2020లో 5.6 శాతం, 2024లో 9.3 శాతం. ఇంగ్లండ్, వేల్స్ 2021 జనగణనలో పదహారేళ్లు దాటినవారిలో 3.2 శాతం తమను గే, లెస్బియన్, బైసెక్సువల్ లేదా ఇతర ధోరణి అని రాశారు. అదే ప్రశ్నకు 7.5 శాతం జవాబివ్వలేదు. ఖాళీగా వదిలినవారు, చెప్పుకున్నవారికి రెట్టింపు కంటే ఎక్కువ!

ఆ జనగణనలోనే తెలుగువారు గమనించాల్సిన పాఠం మరొకటి ఉంది. పుట్టినప్పటి లింగానికి, ఇప్పటి జెండర్‌కు తేడా ఉందని 2,62,000 మంది, అంటే 0.5 శాతం, జవాబిచ్చారు. తీరా చూస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివారిలో ఆ జవాబు అనుమానించాల్సినంత ఎక్కువగా వచ్చింది. ప్రశ్న మెలికగా ఉండటంతో కొందరు తప్పుగా అర్థం చేసుకున్నారన్న విమర్శ బలపడింది. 2024లో ఆ గణాంకాలకు పూర్తి గుర్తింపు హోదాను తొలగించారు. అరుదైన వర్గాన్ని లెక్కించేటప్పుడు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. 2,000 మందిని అడిగే సర్వేలో, లక్షకు 40 చొప్పున ఉన్న వర్గం నుంచి ఒక్కరు కూడా తగలకపోవచ్చు. మిగిలినవారిలో నూటికి ఒకరు పొరపాటున టిక్ పెట్టినా ఇరవై మంది తేలతారు. అప్పుడు సర్వే కొలిచేది వర్గాన్ని కాదు, పొరపాటును.

కనబడని జనాన్ని లెక్కించే దారులు

నేరుగా అడిగితే జవాబు రాని చోట గణాంక శాస్త్రం పక్కదారులు వెతికింది. కింది ఉదాహరణల్లోని అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి మాత్రమే.

మొదటిది మ్యాపింగ్. పార్కులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల దగ్గర కలుసుకునే చోట్లను సమాజంలోని వారి సాయంతోనే గుర్తించి, ఒక్కోచోటకు మామూలు రోజున, రద్దీ రోజున ఎంతమంది వస్తారో రాసుకుంటారు. రెండుచోట్ల కనిపించేవారిని సవరించి కూడతారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో వాడేది ప్రధానంగా ఈ పద్ధతే. దీని బలం, బలహీనత ఒక్కటే: బయట కనిపించేవారే లెక్కలోకి వస్తారు. ఫోన్‌లో యాప్ ద్వారా కలుసుకునే ఉద్యోగి, పెళ్లయి పిల్లలున్న రైతు ఇందులో పడరు. స్త్రీలను ప్రేమించే స్త్రీలకు, ట్రాన్స్ పురుషులకు ఈ మ్యాపింగ్‌లో చోటే లేదు. ఎందుకంటే దీని లక్ష్యం జనాభాను తేల్చడం కాదు, హెచ్‌ఐవీని నివారించడం.

రెండోది పట్టి వదిలి మళ్లీ పట్టే పద్ధతి. చెరువులో చేపల్ని లెక్కించడానికి పుట్టింది. మొదటి వారం 120 మందికి ఒక గుర్తు వస్తువు ఇచ్చారనుకుందాం. రెండో వారం అవే చోట్ల 100 మందిని కలిస్తే, వారిలో 30 మంది దగ్గర ఆ వస్తువు ఉంది. అంటే మొదట కలిసిన 120 మంది మొత్తంలో 30 శాతం. కాబట్టి మొత్తం 400. ఇలా రెండు జాబితాలను పోల్చి కనబడని వాటాను తేల్చే పద్ధతిని జననమరణాల నమోదుకు వర్తింపజేసిన 1949 నాటి ప్రసిద్ధ పత్రం సి. చంద్రశేఖరన్, డెమింగ్‌లది. దానికి వాడిన సమాచారం కలకత్తా దగ్గరి సింగూరుది. అయితే ఈ లెక్క నిలవాలంటే రెండు వారాల మధ్య జనం మారకూడదు, అందరూ దొరికే అవకాశం సమానంగా ఉండాలి. తమిళ చిత్తిరై మాసంలో కూవాగం కూత్తాండవర్ ఉత్సవానికి దేశం నలుమూలల నుంచి ట్రాన్స్ స్త్రీలు తరలివస్తారు. పుదుచ్చేరి దానికి దగ్గర. ఆ రోజుల్లో ఈ పట్టణంలో లెక్కిస్తే సంఖ్య ఉబ్బిపోతుంది, అదే రోజుల్లో వారి సొంత ఊళ్లలో లెక్కిస్తే తగ్గిపోతుంది.

మూడోది గుణక పద్ధతి. ఒక పరీక్షా కేంద్రం రిజిస్టరు ప్రకారం ఏడాదిలో 600 మంది వచ్చారు. విడిగా చేసిన సర్వేలో ఆ వర్గంలో నాలుగో వంతు మందే అక్కడికి వెళ్లామన్నారు. అప్పుడు మొత్తం 2,400. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బిల్ గేట్స్ ఫౌండేషన్ 2003లో మొదలుపెట్టిన ఆవాహన్ కార్యక్రమం కాలంలో ఇలాంటి లెక్కలు బాగా వాడుకలోకి వచ్చాయి.

నాలుగోది పరిచయాల లెక్క. మనిషిని తన గురించి అడగరు, తనకు తెలిసినవారి గురించి అడుగుతారు. 1985 మెక్సికో సిటీ భూకంప మృతుల సంఖ్యపై వచ్చిన ప్రశ్న నుంచి రసెల్ బెర్నార్డ్ బృందం దీన్ని రూపొందించింది. వెయ్యిమందికి తలా 300 పరిచయాలుంటే మొత్తం మూడు లక్షల పరిచయాలు. అందులో 150 మంది ట్రాన్స్‌జెండర్లని తేలితే వాటా 0.05 శాతం, పది లక్షల జనాభాకు 500. అడగడం తేలిక. కానీ పక్కింటి కుర్రాడి సంగతి పక్కింటివారికి తెలిసి ఉండాలిగా! ట్రాన్స్ స్త్రీల విషయంలో ఇది కొంత పనిచేస్తుంది, గేల విషయంలో బాగా తగ్గిపోతుంది.

అయిదోది జవాబును దాచే ప్రశ్న. సగం మందికి నాలుగు మామూలు వాక్యాలిచ్చి, వాటిలో ఎన్ని తమకు వర్తిస్తాయో సంఖ్య మాత్రమే చెప్పమంటారు. మిగతా సగానికి అవే నాలుగుతో పాటు స్వలింగ ఆకర్షణ గురించిన అయిదో వాక్యం చేరుస్తారు. రెండు సగటుల మధ్య తేడాయే ఆ వాటా. ఎవరు ఏం చెప్పారో అడిగినవారికి కూడా తెలియదు. కాఫ్‌మన్, ఎరిక్‌సన్‌ల బృందం 2013లో అమెరికాలో దాదాపు 2,500 మందిపై ఇలా చేస్తే, నేరుగా అడిగినప్పుడు తమను హెటెరోసెక్సువల్ కాదన్నవారు 11 శాతం, జవాబు దాచినప్పుడు 19 శాతం. వారు ఆన్‌లైన్‌లో దొరికినవారు కాబట్టి ఆ శాతాలు దేశానికి వర్తించవు. పేరు బయటపడదన్న భరోసా ఉన్నా సమాజం ఎంత దాస్తుందో మాత్రం ఆ తేడా చెబుతుంది.

25 లక్షలు, 4 లక్షలు, 'అతి కొద్దిమంది'

ఈ అంకెలు కోర్టుకెక్కినప్పుడు ఏం జరుగుతుందో భారత్ చూసింది. సెక్షన్ 377 వ్యాజ్యంలో నాకో లెక్కగా 25 లక్షల మంది పురుషులు పురుషులతో లైంగిక సంబంధంలో ఉన్నారన్న అంచనా సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పత్రికలు దాన్ని 'దేశంలో గేలు 25 లక్షలు' అని రాసేశాయి. అది ఆచరణను బట్టి వేసిన అంచనా, గుర్తింపును బట్టి కాదు. అందులో స్త్రీలు లేరు. 2009 ప్రాంతపు మ్యాపింగ్‌లో నాకో అదే వర్గాన్ని 4.12 లక్షలుగా, 2020-22 మ్యాపింగ్‌లో 3.51 లక్షలుగా, హిజ్రా-ట్రాన్స్‌జెండర్లను దాదాపు 96 వేలుగా తేల్చింది. జనగణనలో 4.88 లక్షలున్న 'ఇతరులు' ఇక్కడ 96 వేలు. రెండూ ప్రభుత్వ లెక్కలే. ఒకటి ఇంట్లో అడిగింది, ఇంకొకటి హెచ్‌ఐవీ సేవలు అందాల్సిన చోట్ల వెతికింది.

ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక సూచన చేశాయి. పురుషులతో సంబంధమున్న పురుషుల అంచనా ఏ దేశంలోనైనా వయోజన పురుషుల్లో ఒక శాతానికి తగ్గకూడదని చెప్పాయి. భారత్‌లో 2011 నాటికే పదిహేనేళ్లు దాటిన పురుషులు 40 కోట్లకు పైన. ఒక శాతమంటే 40 లక్షల పైమాటే. మ్యాపింగ్ సంఖ్యకు పది రెట్లకు మించిన తేడా ఇది. కార్యక్రమానికి చిక్కినవారికీ, నిజంగా ఉన్నవారికీ మధ్య దూరం అంతుంది.

2013 డిసెంబరు 11న కౌశల్ కేసులో సుప్రీంకోర్టు, లైంగిక మైనారిటీలు దేశ జనాభాలో అతి కొద్ది భాగమేనని, 150 ఏళ్లలో 200 మంది లోపే విచారణను ఎదుర్కొన్నారని చెబుతూ సెక్షన్‌ను నిలబెట్టింది. దాక్కుని బతకమన్న చట్టం వల్ల జనం కనబడలేదు. కనబడనందువల్ల చట్టం నిలబడింది. 2017 ఆగస్టు 24న గోప్యత హక్కు తీర్పులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఈ వాదన చెల్లదంది. హక్కు ఎంతమందికి కావాలన్న దాన్ని బట్టి హక్కు పుట్టదన్నది దాని సారాంశం. మరుసటి ఏడాది నవ్‌తేజ్ జోహార్ తీర్పు అదే బాటలో వచ్చింది. హక్కుకు సంఖ్య అక్కర్లేదని తేలిపోయింది. పింఛనుకు, ఆసుపత్రి పడకకు, హాస్టల్ సీటుకు మాత్రం సంఖ్య కావాలి.

రేపటి సంఖ్యను ఇవాళ చెప్పగలమా?

మామూలు జనాభా అంచనాకు మూడు దినుసులు చాలు: జననాలు, మరణాలు, వలస. లైంగిక మైనారిటీల విషయంలో నాలుగోది చేరుతుంది: బయటికి చెప్పుకోవడం. అదే అన్నిటికన్నా వేగంగా మారుతుంది.

ఎన్నికల సంఘం ఓటర్ల జాబితాలో స్త్రీ, పురుషులతో పాటు 'ఇతరులు' అన్న గడిని 2009లో తెచ్చింది. 2014 లోక్‌సభ ఎన్నికల నాటికి అందులో సుమారు 28 వేల మంది. 2024 నాటికి 48 వేలు. పదేళ్లలో దాదాపు 70 శాతం పెరుగుదల. ఈ గీతను అలాగే పొడిగించి 2034కు ఇంతమంది అని చెబితే అది జనాభా అంచనా కాదు, నమోదు అంచనా. మధ్యలో 2014 ఏప్రిల్ 15 నాల్సా తీర్పు, 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం, ఆన్‌లైన్ పోర్టల్‌లో జిల్లా మేజిస్ట్రేట్ ఇచ్చే ధ్రువపత్రం వచ్చాయి. పెరిగింది మనుషులు కాదు, తలుపులు.

దీనికి మనందరికీ తెలిసిన పోలిక ఎడమచేతివాటం. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పుట్టినవారిలో ఎడమచేతివాటం వారు మూడు, నాలుగు శాతమే కనిపించారు. బడిలో కొట్టి కుడిచేత్తో రాయించడం తగ్గేకొద్దీ అది పెరిగి, శతాబ్దం మధ్యకు పుట్టినవారిలో సుమారు 12 శాతం దగ్గర ఆగింది. పెరుగుతున్నప్పుడు గీత గీసినవాడు యాభై శాతం అవుతుందని చెప్పి ఉండేవాడు. గ్యాలప్ సంఖ్యలు కూడా ఎక్కడో ఆగుతాయి, ఎక్కడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అందుకే జాగ్రత్తగల అంచనాలు ఒక సంఖ్యను కాక మూడు ఇస్తాయి: చెప్పుకోవడం ఇప్పటిలాగే ఉంటే, మెల్లగా పెరిగితే, యువతరం స్థాయికి అందరూ చేరితే. వయసుల వారీగా విడదీయడం కూడా తప్పనిసరి. పాతికేళ్లవారి వాటాను అరవైఏళ్లవారికి అంటగడితే లెక్క తప్పుతుంది.

పుదుచ్చేరికి లెక్క కడితే

పుదుచ్చేరిలో 2024 నాటికి ఓటర్లు పది లక్షల పైచిలుకు. లెక్క తేలికగా ఉండటానికి పది లక్షల మంది పెద్దలనుకుందాం. 2011 జనగణనలో పుదుచ్చేరికి వచ్చిన వాటా ప్రకారం ట్రాన్స్‌జెండర్లు 200 మంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా ప్రకారం 520. కెనడా వాటా ప్రకారం 3,300. లైంగిక ధోరణికి ఇంగ్లండ్, వేల్స్ వాటా తీసుకుంటే 32,000. ఏ ఒక్కటీ పుదుచ్చేరి నిజమైన సంఖ్య కాదు. ప్రతి సంఖ్య వెనుక ఒక షరతు ఉంది: ఇక్కడివారు అక్కడివారంత స్వేచ్ఛగా చెప్పుకోగలిగితే, అక్కడిలాగే అడిగితే. 200కు, 3,300కు మధ్య తేడా పదహారు రెట్లు. బడ్జెట్‌లో కింది సంఖ్య రాసుకుంటే, రేపు ధైర్యంగా ముందుకొచ్చే ప్రతి మనిషీ ప్రభుత్వానికి 'అనుకోని ఖర్చు' అవుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ట్రాన్స్‌జెండర్ పింఛను 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. ఇలాంటి పథకానికి అంచనా తప్పితే నష్టపోయేది అంకె కాదు, వరుసలో చివరన నిలబడిన మనిషి.

ఇంకా కిందికి, పేట స్థాయికి దిగితే లెక్క మరో మలుపు తిరుగుతుంది. అయిదు వేల మంది ఉన్న పేటకు లక్షకు 20 అంటే ఒకే ఒక్కరు. కురుచికుప్పం లాంటి, అందరూ అందరికీ తెలిసిన పేటలో వార్డుల వారీ పట్టికలో 'ఇతరులు: 1' అని అచ్చేస్తే అది గణాంకం కాదు, చిరునామా. అందుకే చాలా దేశాల గణాంక సంస్థలు చిన్న సంఖ్యల గడులను మూసేస్తాయి, లేదా పొరుగు ప్రాంతాలతో కలిపేస్తాయి. పైనుంచి వచ్చిన శాతాన్ని పేటకు గుణించడం కూడా పనికిరాదు. ఊళ్లో ఇమడలేక నగరానికి వెళ్లేవారు ఉంటారు, ఒకే వీధిలో కలిసి ఉండే హిజ్రా ఇళ్లు ఉంటాయి. ఈ జనం సమానంగా పరుచుకుని ఉండరు.

ఏ పనికి ఏ సంఖ్య?

హెచ్‌ఐవీ నివారణకు మ్యాపింగ్ సంఖ్య కావాలి, దాన్ని మూడు, నాలుగేళ్లకోసారి తాజా చేయాలి. పింఛన్లకు, ఆరోగ్య బీమాకు ధ్రువపత్రాల సంఖ్య ఆరంభం మాత్రమే. దానిపైన ఇంకా ముందుకురాని వారి అంచనా చేర్చాలి. ఇల్లు, చదువు, మానసిక ఆరోగ్యం గురించి ఆలోచించడానికి స్త్రీలనూ ట్రాన్స్ పురుషులనూ కలుపుకున్న నమూనా సర్వే కావాలి. ఒక పనికి తీసిన సంఖ్యను మరో పనికి వాడినప్పుడే 25 లక్షల లాంటి గందరగోళం పుడుతుంది. అంకె కనిపించినప్పుడు పాఠకుడు అడగాల్సినవి నాలుగు: ఎవరిని లెక్కించారు, ఎవరు అడిగారు, జవాబు ఎవరు చెప్పారు, ఏ ఏడాది?

2021లో జరగాల్సిన జనగణన వాయిదాలు పడి 2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరగనుంది. ఇది డిజిటల్ జనగణన, కుటుంబమే తన వివరాలు నింపుకునే వీలుంది. ఎన్యూమరేటర్ ముందు నోరు విప్పలేనివారికి అది కొంత ఊరట. కానీ ఆ ఫారం కూడా ఇంటికి ఒకటే, నింపేది మళ్లీ ఇంట్లో ఒకరే. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివారూ తమ జవాబును విడిగా, ఇంటివారికి కనబడకుండా ఇచ్చే ఏర్పాటు, హిజ్రా ఇళ్లకు ఆ సమాజం నుంచే సహాయకులు, స్థానిక భాషలో ముందే పరీక్షించిన ప్రశ్న, చిన్న ప్రాంతాల గడులకు రక్షణ ఉంటే పుదుచ్చేరి సంఖ్య 252 దగ్గర ఆగదు. అప్పుడు పెరిగిన సంఖ్యను చూసి 'ఇంతమంది పెరిగారా' అని ఆశ్చర్యపోనక్కర్లేదు. వారు 2011లోనూ ఉన్నారు, లెక్కకు అందలేదు.